మళ్ళీ ఓపాలి సేసి సూపించండి

మా దాలయ్య మావయ్యకి నోటిమాట బుర్రకెక్కదు. ఎవరైనా ఎవరినైనా గుద్దేరన్నా, తన్నేరన్నా, ఆఖరికి తిట్టేరన్నా సరే, ఆయన చేసే మొదటి పని భుజం మీది తువ్వాలు తీసి నడుముకి బిగించడం. రెండో పని, "మళ్ళీ ఓపాలి సేసి సూపించండి" అనడం. మూడో పని, గొడవపడ్డ ఇద్దరిలో ఒకణ్ణి పక్కకి తప్పించి, "నువ్వు కూకో. నీ ఏషం నాను కడతాను" అనడం. ఆ తరవాత అక్కడ ఎవరు ఎవరో, ఎవరు ఎవర్ని గుద్దేరో, అసలు మనం అక్కడికి ఎందుకొచ్చేమో ఎవరికీ తెలిసేది కాదు.

ఆయన నాకు సొంత మావయ్య కాదు. కోరాపుట్‌లో వాళ్ళింటి వెనక వాటాలో మేం అద్దెకుండేవాళ్ళం. వీధిలో పిల్లలందరికీ ఆయన మావయ్యే, ఆయన భార్య రామతులసి అందరికీ అత్తే. పిల్లల్లేరు. అందుకని మా అందరి తగువులూ వాళ్ళ అరుగు మీదికే వెళ్ళేవి, వెళ్ళినవి వెళ్ళినట్టు తిరిగొచ్చేవి కావు.

ఆయన ఉద్యోగం లారీ ఓనర్ల సంఘం ఆఫీసులో. పేరుకి గుమస్తా. అసలు పని వేరు. సాలూరు నుంచి సుంకి, పొట్టంగి మీదుగా కోరాపుట్ వచ్చే ఘాట్ రోడ్డులో రోజూ ఏవో రెండు లారీలు ఒకదాన్నొకటి రాసుకునేవి. అద్దం పగిలిందని ఒకడు, బాడీ వంగిందని ఒకడు కాలర్లు పట్టుకునేవారు. కేసు దాకా వెళ్తే బళ్ళు నాలుగు రోజులు కదలవు. అందుకని ముందు దాలయ్య మావయ్యకి కబురొచ్చేది.

ఆయన వెళ్ళి ఆ మలుపులో నిలబడి తనే ఒక లారీ అయిపోయేవారు. నోటితోనే ఇంజను, నోటితోనే హారను. గేరు మార్చినప్పుడల్లా బొజ్జ ఒకసారి ఎగిరి పడేది. "నాను దిగుతున్నాను. నువ్వు ఎక్కుతున్నావు. ఒరే, లోడు బండి అంత ఉషారుగా ఎక్కుతాదేటి? మూలుగు! మూలుగుతా రా!" అని అవతలి డ్రైవర్ని వంగోబెట్టేవారు. ఇద్దరూ వచ్చి బొజ్జలు తగిలించుకునేవారు. వెనక ఆగిపోయిన లారీల వాళ్ళంతా దిగొచ్చి చుట్టూ మూగి, "ఇంకా ఎడంకి! ఇంకా ఎడంకి!" అని సలహాలిచ్చేవారు. గంట గడిచేసరికి కాలర్లు పట్టుకున్న ఇద్దరూ ఒకే బీడీ కాలుస్తూ కనిపించేవారు.

ఆ రోడ్డు మీద ఆయన చట్టం ఒక్కటే. ఎక్కే బండికి దారి. దిగేవాడు బ్రేకు తొక్కి పక్కన ఆగాలి. ఎక్కేవాడు ఆగితే మళ్ళీ ఎత్తుకోలేడు కాబట్టి. ఈ చట్టాన్ని ఆయన మనుషులకి కూడా వాడేవారు. బజారులో మెట్లెక్కుతుంటే దిగేవాళ్ళందరూ ఆగి దారివ్వాలనేవారు. సినిమా హాల్లో ఆట వదిలినప్పుడు ఒక్కడే పైకి ఎక్కబోయి రెండొందల మందిని ఆపేరు.

ఇలాంటివి చెప్తే చాలా ఉన్నాయి. మా వీధిలో ఒక పెళ్ళి జరిగింది. వడ్డించే కుర్రాడు పెళ్ళికొడుకు పినతండ్రి పట్టు చొక్కా మీద సాంబారు ఒలకబోసేడు. ఆ పినతండ్రి, "కావాలనే పోసేరు, మాకు మర్యాద లేని చోట ముద్ద దిగదు" అని విస్తరి ముందు నుంచి లేచిపోయేడు. ఆయన వెనక నలభైమంది లేచేరు. ఆడపిల్లవాళ్ళకి కాళ్ళూ చేతులూ ఆడలేదు. సరిగ్గా అప్పుడు మా మావయ్య తువ్వాలు బిగించేరు.

"బాబూ, తవరు ఓపాలి కూకోండి. ఎలా జరిగిందో సూద్దాం. ఒరే, గరిటి ఇలాగియ్యి. నీ ఏషం నాను కడతాను."

"ఉత్తి గరిటె చాలు దాలయ్యా!" అని పెళ్ళికూతురు తండ్రి కేకేసేడు.

"ఉత్తి గరిటయితే ఎలా తెలుస్తాది? సాంబారు బరువుండాల!"

ఆ పినతండ్రికి అప్పుడే ఎవరో వేరే చొక్కా తెచ్చి తొడిగేరు. మావయ్య వంగేరు, ఎవరి మోచెయ్యో తగిలింది, రెండో చొక్కా మీద కూడా సాంబారు పడింది. పందిరంతా బిగుసుకుపోయింది. మావయ్య గరిటె కింద పెట్టి రెండు చేతులూ జోడించి, "తప్పు నాదే బాబూ, నాను సూసుకోలేదు. కావాలని కాదు" అన్నారు. ఆ పినతండ్రి తన రెండో చొక్కా చూసుకున్నాడు, మావయ్య మొహం చూసేడు, ఇంక నవ్వాపుకోలేక అక్కడే కూలబడి, "వడ్డించండి నాయనా, మూడో చొక్కా లేదు నా దగ్గర" అన్నాడు. మొదట సాంబారు ఒలికించిన కుర్రాడి సంగతి అందరూ మర్చిపోయేరు.

ఏ గొడవలో ఎవరి వేషం కడతారో మాకు అంతుచిక్కేది కాదు. ఒకసారి గుద్దిన సైకిలు, ఒకసారి పూలకుండీ తన్నేసిన మేక. రామతులసి అత్తకి మాత్రం ఒకటే బాధ. "ఓలమ్మా, బయట ఆయన ఏషాలు ఆయనిష్టం. ఇంట్లో ఏ తగువొచ్చినా నా ఏషం ఆయనే కడతాడు. పైట నెత్తి మీదికి లాక్కుని, మూతి తిప్పుకుని. నాను అలగుంటానేటి?" అనేది. ఆమె మూతి తిప్పుకునే అనేది.

ఇంక అసలు సంగతికి వస్తాను. 2005 డిసెంబరు. నేను ప్లస్ టూ రెండో ఏడు. మా ఫిజిక్సు ప్రేమలీల టీచర్ రెండు జిల్లాల పిల్లలకి కలిపి కోరాపుట్‌లో రోబోల పోటీ పెట్టిస్తున్నారు. గెలిచిన జట్టు భువనేశ్వర్ వెళ్తుంది. నేనూ, నా స్నేహితురాలు లక్ష్మీదుర్గా ఒక జట్టు. లారీ సంఘం తుక్కులోంచి రెండు వైపర్ మోటార్లు మావయ్యే తెచ్చిచ్చేరు. నీలం హవాయి చెప్పులు గుండ్రంగా కోసి చక్రాలు చేసుకున్నాం. చెక్కపెట్టెకి నాలుగు స్విచ్‌లు పెట్టేం. ముందుకి, వెనక్కి, కుడి, ఎడమ. పెట్టె నుంచి బండి దాకా పొడుగాటి వైరు. నొక్కితే కదులుతుంది, వదిలితే ఆగుతుంది.

మా నాన్న సోమేశ్వరరావుకి బట్టల దుకాణం. నేను ఇంజనీరింగ్ అన్నప్పుడల్లా ఆయన తానుల మధ్య నుంచి తల పైకెత్తకుండా, "కామర్సు సదువు, వొచ్చి ఇక్కడ కూకో" అనేవారు. చివరికి ఒక ఒప్పందం కుదిరింది. "ఈ పోటీలో గెలిచేవా, ఇంజనీరింగు. లేదా, కామర్సు. మాటంటే మాట." అందుకని నాకు ఆ పోటీ ఆట కాదు. ఆ చెప్పుల చక్రాల బండి మీదే నా బతుకంతా ఎక్కించేను.

పోటీ రూల్సు పదకొండు పేజీల ఇంగ్లీషులో వచ్చేయి. ప్రేమలీల టీచర్ నాలుగు రోజులు చదివి తలపట్టుకున్నారు. ప్లైవుడ్ బల్ల, మధ్యలో ఒక వాలు, వాలు పైన బంతులు. రెండు బళ్ళూ ఎక్కి బంతులు తెచ్చి ఎవరి డబ్బాలో వాళ్ళు వేసుకోవాలి, బంతికి ఇరవై మార్కులు. అంతవరకు బాగానే ఉంది. తరవాతే చిక్కు. ఒక బండి ఇంకోదానికి పొరపాటున తగిలితే తప్పు లేదు. కావాలని గుద్దితే పది మార్కులు కోత. కావాలని గుద్ది పడగొడితే పోటీ నుంచే బయటికి. అవతలి బండిని ఐదు సెకన్లకి మించి కదలనీకుండా నొక్కిపెట్టకూడదు.

"పొరపాటేదో, కావాలని చేసిందేదో ఎలా తెలుస్తుంది? బండికి మనసుంటుందా?" అని టీచర్ స్టాఫ్ రూములో అందర్నీ అడిగేరు. లెక్కల సారుకి తెలీలేదు, ఒడియా సారుకి తెలీలేదు. ప్యూను అంద్రెయ టీ గ్లాసులు తీస్తూ, "గుద్దుకున్న బళ్ళ సంగతి ఈ ఊళ్ళో దాలయ్య గారికి తప్ప ఎవరికి తెలుస్తాదమ్మా?" అన్నాడు. అంతే. లారీల తగువులు తీర్చే మనిషి రోబోల పోటీకి రెఫరీ అయిపోయేడు. ఇంకే ఊళ్ళో జరగదిది.

మావయ్య స్కూలు హాలుకి వచ్చి బల్లా, దాని మీద వాలూ చూసి పొంగిపోయేరు. "ఇది మన సుంకి ఘాటే కదేటి!" అన్నారు. టీచర్ రూల్సన్నీ తెలుగులో చెప్పేక ఆలోచించి ఒక్కమాటన్నారు. "బండికి మనసుండదు టీచరమ్మా. డైవరుకి ఉంటాది. సూసుకుంటే సాలు."

మొదటి ఆట దసమంతపూర్‌కీ బొయిపరిగుడకీ. మూడు నిమిషాల ఆట. మొదలైన పావు నిమిషానికే రెండు బళ్ళూ కొమ్ములు తగిలించుకుని ఆగిపోయేయి. నువ్వే నొక్కిపెట్టేవంటే నువ్వే నొక్కిపెట్టేవని పిల్లలు అరుస్తున్నారు.

"ఐదు సెకన్లు లెక్కపెట్టండి!" అన్నారు టీచర్.

మావయ్య లెక్కపెట్టేరు. "ఒకటీ..." అని చుట్టూ చూసేరు. "రెండూ..." అని తువ్వాలు బిగించుకున్నారు. "మూడూ" అనేసరికి ఒక నిమిషం అయింది.

"అంతసేపా దాలయ్య గారూ?"

"ఘాట్ మీద బండి అడ్డమైతే ఒక బీడీ కాల్సేక గాని అడ్డమైనట్టు లెక్క కాదు టీచరమ్మా. అంతలోపల అదే కదిలిపోతాది."

నిజంగానే కదిలిపోయేయి. కానీ మావయ్య ఆగలేదు. "మళ్ళీ ఓపాలి సేసి సూపించండి" అని తనే బొయిపరిగుడ బండై మోకాళ్ళ మీద పాకుతూ ఆ వైర్లలో చుట్టుకుపోయేరు. ఆయన్ని విడదియ్యడానికి రెండు జట్లూ కలిసి అరగంట కష్టపడ్డాయి. అప్పటికి ఎవరి ఫిర్యాదు ఏమిటో ఎవరికీ గుర్తులేదు. స్కోరు రాస్తున్న ఒడియా సారు దసమంతపూర్ మార్కులు బొయిపరిగుడకీ, బొయిపరిగుడ మార్కులు దాలయ్యకీ వేసేరు. సాయంత్రం దాకా ఇదే వరస. ఒక దశలో దాలయ్య జట్టు రెండో స్థానంలో ఉంది.

ఎలాగో ఫైనలుకి మేం వచ్చేం. అవతల రాయగడ జట్టు, దొర్కా, అరుణ్ కుమార్. దొర్కా వాళ్ళమ్మ నర్సు. ఆ పిల్ల మూడు చక్రాల బొమ్మ సైకిలు విప్పి బండి చేసుకొచ్చింది. సన్నగా ఉంటుంది, గట్టిగా మాట్లాడదు. అరుణ్ కుమార్ మాత్రం లేచి, "ఆ బండికి మోటార్లు ఇచ్చింది మీరేనటగా? మీరెలా తీర్పు చెప్తారండీ?" అని మావయ్యని అడిగేడు.

మావయ్య తెల్లమొహం వేసేరు. "నిజమే బాబూ. నాను ఇచ్చేను. మరి నానేటి సెయ్యాల?" అని తిరిగి వాణ్ణే అడిగేరు. వాడికీ తెలీలేదు. చివరికి దొర్కా, "పరవాలేదండి, ఆడదాం" అంది.

ఆట చివరి అర నిమిషం వచ్చేసరికి మాకు ఆరు బంతులు, వాళ్ళకి ఐదు. పైన ఇంకో రెండున్నాయి. మా బండి కొక్కెం అప్పుడే విరిగిపోయింది, ఇంక ఒక్క బంతి కూడా తేలేదు. ఖాళీగా దిగుతోంది. ఎదురుగా దొర్కా బండి ఎక్కుతోంది. అది పైకెళ్తే ఆ రెండూ వాళ్ళవే. నా బండికి ఎడమవైపు బోలెడు చోటుంది. ఆపొచ్చు, పక్కకి తిప్పొచ్చు. నాకు మాత్రం తానుల మధ్య కూర్చున్న మా నాన్న కనిపించేరు. బొటనవేలు ముందుకి స్విచ్ మీద వేసి బలంగా నొక్కేసేను.

లారీ వైపర్ మోటార్ల దెబ్బ మామూలుగా ఉండదు. దొర్కా బండి వాలు మీంచి ఎగిరి కింద బోర్లా పడింది. ఒక చక్రం ఊడి దొర్లుకుంటూ టీచర్ కుర్చీ కిందికి వెళ్ళింది. గంట మోగింది. ఆరు, ఐదు. లక్ష్మీదుర్గ నన్ను కావలించుకుంది. దొర్కా వెళ్ళి ఆ చక్రం ఏరుకుని ఓణీతో తుడుచుకుంటోంది.

"కావాలనే గుద్దింది!" అని అరుణ్ కుమార్ అరిచేడు.

"లేదు! నేను వెనక్కే నొక్కేను! అదే ముందుకెళ్ళిపోయింది!" అని నేను వాడికంటే గట్టిగా అరిచేను.

హాలంతా మావయ్య వైపు తిరిగింది. ఆయన తువ్వాలు విప్పి మళ్ళీ బిగించేరు. "మళ్ళీ ఓపాలి సేసి సూపించండి" అన్నారు.

స్టేజీ మెట్లే ఘాటయ్యేయి. "రాయగడ బండి ఈ అమ్మే. కింద నుంచి ఎక్కుతాది. కోరాపుట్ బండి నాను, పైనుంచి దిగుతాను. బిందూ, నువ్వు స్విచ్చుల పెట్టి పట్టుకో. నువ్వు ఏది నొక్కేవంటే నాను అది సేస్తాను" అన్నారు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి పంచె ఎగ్గట్టి, మోకాళ్ళ మీద, నోటితో మోటారు చప్పుడు చేస్తూ మెట్లు దిగడం మొదలుపెట్టేరు. పిల్లలందరూ నవ్వుతున్నారు.

దొర్కా రెండు మెట్లెక్కింది.

"ఇప్పుడేటి నొక్కేవు అమ్మీ?"

"వెనక్కి" అన్నాను.

ఆయన బుద్ధిగా ఒక మెట్టు వెనక్కి పాకేరు. దొర్కా హాయిగా పైకెక్కిపోయింది.

"ఏటిది? తగల్లేదే!" అన్నారు మావయ్య ఆశ్చర్యపోతూ. "మళ్ళీ ఓపాలి."

రెండోసారి కూడా నేను వెనక్కి అన్నాను, ఆయన వెనక్కి వెళ్ళేరు, దొర్కా ఎక్కిపోయింది. హాల్లో నవ్వులు తగ్గేయి. టీచర్ అయోమయంగా రూల్సు పేజీలు తిరగేస్తున్నారు. మావయ్యకి ఆయాసం వస్తోంది, మోకాలు కొట్టుకుపోయి ఎర్రగా కనిపిస్తోంది.

"నువ్వు సెప్పినట్టే సేస్తన్నాను కదా. మరెలా గుద్దేను?" అని బుర్ర గోక్కున్నారు. "ఆఁ, ఇలగయ్యుంటాది. ఇంకోపాలి అను."

"వెనక్కి" అన్నాను.

ఆయన ముందుకి వచ్చి దొర్కా భుజానికి మెల్లగా తగిలేరు. "అదీ సంగతి. డైవరు వెనక్కంటే బండి మాటినలేదు, ముందుకి ఎల్లిపోయింది. డైవరు మంచిదే. తప్పంతా బండిది. బండంటే నాను." అని ఆ మెట్ల మీద మోకాళ్ళ మీదే ఉండి, దొర్కాకి రెండు చేతులూ జోడించేరు. "తప్పు నాది తల్లీ. ఎక్కే బండికి దారియ్యకుండా నీ సక్రం ఊడగొట్టేను. నీ కష్టమంతా పాడుసేసేను. ఏటనుకోకు."

దొర్కా కంగారుపడి, "అయ్యో, లేవండి, మీరేం చేసేరు" అంటూ ఆయన చేతులు పట్టుకుంది.

ఇంక నా వల్ల కాలేదు. సిగ్గుతో చచ్చిపోయేను. పెట్టె కింద పడేసి, "మావయ్యా, ముందుకే నొక్కేను. కావాలనే నొక్కేను. బండి తప్పు కాదు" అని ఏడిచేసేను.

మావయ్య అరుణ్ కుమార్ చెయ్యి పట్టుకుని లేచి, దులుపుకుని, "పేపర్లో ఏటుంది టీచరమ్మా?" అన్నారు.

"పడగొడితే బయటికి" అన్నారు టీచర్ మెల్లగా. "కానీ చిన్నపిల్ల, తనే ఒప్పుకుంది కదా. పది మార్కులు కోసి వదిలేద్దామా?"

"ఒప్పుకున్నందుకు ఆ పిల్లకి నాను జంతికలు కొనిపెడతాను. అది నా కాతా. ఆ రాయగడ గుంట బండి సూడండి, ఇంకా బోర్లాయే ఉన్నాది. పేపర్లో ఉన్నది సెయ్యండి."

అలా మేం పోటీ నుంచి బయటికి వచ్చేం. రాయగడ గెలిచింది. నేను మొహం దాచుకుని పారిపోబోతుంటే మావయ్య పిలిచేరు. "ఏటి అప్పుడే ఎల్లిపోతావు? గుద్దినోడు అవతలి బండి మళ్ళీ నడిసేదాకా అక్కడే ఉండాల. ఘాట్ రూలు." ఆ రూలు పదకొండు పేజీల్లో ఎక్కడా లేదు. అయినా సాయంత్రం దాకా నేనూ, లక్ష్మీదుర్గా, దొర్కా, అరుణ్ కుమారూ నేల మీద కూచుని ఆ బండి బాగుచేసేం. పాత చక్రం ఇరుసు విరిగిపోయింది. మా నీలం చెప్పు చక్రం విప్పి వేసేం. దొర్కా స్క్రూ బిగిస్తూ, "మీ చెప్పు ఏ సైజు?" అని అడిగింది. ఆ పిల్ల నాతో మాట్లాడిన మొదటి మాట అదే. లక్ష్మీదుర్గ మాత్రం మధ్య మధ్య "పానా" అనడం తప్ప నాతో తొమ్మిది రోజులు మాట్లాడలేదు.

ఇంటికి నడుస్తున్నప్పుడు అడిగేను. "మావయ్యా, మీకు ముందే తెలుసా?"

"ఏటి తెలుసా?"

"నేను కావాలనే గుద్దేనని."

"నాకేటి తెలుస్తాది అమ్మీ? అప్పుడు నాను బండిని కదా" అని జంతికల పొట్లం నా చేతిలో పెట్టి, అందులోంచి తనే సగం తినేసేరు.

దుకాణం దగ్గర నాన్నకి అప్పటికే కబురందింది. గజం బద్ద చేత్తో పట్టుకుని ఎదురుచూస్తున్నారు. "ఓడిపోనావు కదా. అదీ కాక నలుగుర్లో పరువు తీసేవు. మాటంటే మాట. కామర్సు" అన్నారు.

నేను తల వంచుకున్నాను. పక్కన తువ్వాలు బిగుస్తున్న చప్పుడు వినిపించింది.

"సోమేశ్వర్రావూ, ఇప్పుడేటన్నావో ఓపాలి సేసి సూపించు. ఉండు, ఉండు. నువ్వు కూతురివి. ఇలా తల ఒంచుకు నిలబడు. నీ ఏషం నాను కడతాను." మావయ్య గజం బద్ద లాక్కుని నాన్న గద్దె మీద కూచున్నారు.

అప్పుడు వెలిగింది నాకు. సాంబారు ఒలకబోసింది ఎవరు? వడ్డించే కుర్రాడు. ఆ వేషం ఎవరు కట్టేరు? ఘాట్ మీద దారివ్వకుండా దిగొచ్చిన లారీ ఎవరు? పూలకుండీ తన్నిన మేక ఎవరు? నా బండి ఎవరు? ఇన్నేళ్ళలో ఆ మనిషి దెబ్బ తిన్నవాడి వేషం ఒక్కసారి కట్టలేదు. తప్పు ఎవరిదో వాళ్ళ వేషమే కట్టి, వాళ్ళు నోరు తెరిచి చెప్పలేని మాట వాళ్ళ బదులు తను చెప్పేసేవారు. ఇప్పుడాయన మా నాన్న వేషం కడుతున్నారు. నాకు ఏడుపు ఆగిపోయి నవ్వొచ్చింది.

"ఏటమ్మీ, ఓడిపోనావట?" అన్నారు మావయ్య, గద్దె మీంచి.

"ఓడిపోలేదు నాన్నా" అన్నారు మా నాన్న, తల వంచుకుని. ఎదురుగా చీరలు చూస్తున్న ముగ్గురాడవాళ్ళు చీరలు వదిలేసి ఇటు తిరిగేరు. "గెలిచేను గాని... నిజం సెప్పీసేను. బయటికి పంపీసేరు."

"నిజం సెప్తే పంపీసేరా? మరి నానెందుకు కోప్పడతన్నాను?"

"అదే కదా..." అని మా నాన్న ఆగిపోయేరు. తను కూతురో, తండ్రో ఒక్క క్షణం తెలీలేదు.

"తప్పు నాదే అమ్మీ. సదువుకో. ఇంజనీరింగే సదువుకో."

"ఒరే దాలయ్యా! నేనలా అనలేదురా!"

"నువ్వనలేదు. సోమేశ్వర్రావు అన్నాడు. ఇప్పుడు సోమేశ్వర్రావుని నానే కదా."

"సరిగ్గానే అన్నాడు బాబూ" అంది చీరలు చూస్తున్న ఒకామె. మా నాన్న ఆమె వైపు, నా వైపు, తన గద్దె మీద కూచున్న తన వైపు మార్చి మార్చి చూసి, "ఏటో, బుర్ర తిరిగిపోతంది. ఏదో ఒకటి సదూకోండి ఇద్దరూ" అనేసేరు. అలా నేను ఇంజనీరునయ్యేను. భువనేశ్వర్‌లో దొర్కా వాళ్ళు మొదటి ఆటలోనే ఓడిపోయేరు. నీలం చక్రం మాత్రం ఊడలేదని కార్డు రాసింది.

ఇక్కడితో ఆపేస్తే బాగుండేది. ఆపలేకపోయేను. మర్నాడు రామతులసి అత్త అరుగు మీద చింతపండు పిక్కలు తీస్తుంటే సాయం కూచున్నాను. మావయ్య మంచితనం చెప్పకుండా ఉండలేక, "అత్తా, నీకో సంగతి తెలుసా? మావయ్య ఎప్పుడూ తప్పు చేసినవాళ్ళ వేషమే కడతారు" అని మొత్తం విప్పి చెప్పేను.

అత్త విని మురిసిపోయింది. "అవునే అమ్మీ, నిజమే! ఎంత మంచోడే!" అంది. ఇంకో రెండు పిక్కలు తీసింది. మూడో పిక్క దగ్గర చెయ్యి ఆగింది.

"గ్యాసు సిలిండరు గొడవప్పుడు నా ఏషం ఆయనే కట్టేడు."

నేను గబగబా పిక్కలు తియ్యడం మొదలుపెట్టేను.

"మా సెల్లి పెళ్ళి గొడవప్పుడూ నా ఏషమే. మజ్జిగౌరమ్మ గుడికెల్లినప్పుడు రైలు తప్పిపోతే, ఆ తగువులోనూ నా ఏషమే." అత్త లేచి నిలబడింది. "అంటే ముప్పై రెండేళ్ళలో, అన్ని తగువుల్లోనూ, తప్పు నాదేనా?"

సరిగ్గా అప్పుడే మావయ్య గేటు తీసుకుని, హుషారుగా ఈల వేసుకుంటూ వచ్చేరు. అత్త మొహం చూసి ఆగిపోయేరు. ఏదో గొడవని తెలిసింది గాని ఏదో తెలీలేదు. అలవాటు కొద్దీ తువ్వాలు తీసి నడుముకి బిగించేరు.

"ఏటయింది? మళ్ళీ ఓపాలి సేసి సూ..."

"సేస్తాను. తప్పకుండా సేస్తాను" అంది అత్త. "ముందు ఇది సెప్పండి. ఈపాలి తవరు ఎవలి ఏషం కడతారు?"

మావయ్య నా వైపు చూసేరు. నేను చింతపండు వైపు చూసేను. ఆయనకి అంతా అర్థమైపోయింది. ఘాట్ మీద ఎన్ని లారీలు ఎదురొచ్చినా అదరని మనిషి, ఆ అరుగు ముందు అటూ ఇటూ కాళ్ళు మార్చుకుంటూ నిలబడిపోయేరు.

"నీ ఏషం నువ్వే కట్టుకో తులసీ" అన్నారు. "ఈపాలి నా ఏషం నానే కడతాను."

అత్త చింతపండు చేత్తోనే మూతికి అడ్డం పెట్టుకుంది, మూతంతా పులుపైపోయింది. కళ్ళు చిట్లించి, వచ్చే నవ్వు బిగబట్టుకుని అంది.

"ఏటీ? సరిగ్గా కనబళ్ళేదు. మళ్ళీ ఓపాలి సేసి సూపించండి."